అర్ధరాత్రి ఫోన్, ఆందోళన, పట్టని నిద్ర: అన్నీ ఒకేచోట మాట్లాడుకుందాం

నిద్రగన్నేరు:
రాత్రి ఫోన్ గురించి ఇక్కడ నాలుగైదు చోట్ల ముక్కలు ముక్కలుగా చర్చ నడుస్తోంది. బ్లూ లైట్ కళ్ళజోడు కొనాలా అని ఒకచోట, పడుకోగానే గుండె దడ ఎందుకని ఇంకోచోట, ఫోన్ లాక్కుంటే పిల్లాడు ఇల్లు పీకి పందిరేస్తున్నాడని మరోచోట. అన్నీ ఇక్కడికి తెస్తున్నాను. షరతు ఒక్కటే, సొంత గాథలు వద్దు. ఏం జరుగుతుంది, ఏం చేయాలి, చేసినా ఎక్కడ బెడిసికొడుతుంది, అంతవరకే.

మామూలుగా జరిగేది ఇది. 11:20కి లైటు ఆర్పి అలారం పెట్టుకుందామని ఫోన్ తీస్తారు. దానికి పట్టేది పది సెకన్లు. ఈలోగా పైన నోటిఫికేషన్: ఫ్యామిలీ గ్రూపులో బాబాయి వీడియో పెట్టాడు. అది అయిపోగానే కింద ఇంకోటి దానంతటదే మొదలవుతుంది. బొటనవేలు పైకి తోస్తుంది, ఆగుతుంది, మళ్ళీ తోస్తుంది. ఒక వంట, ఒక యాక్సిడెంటు, ఒక జోకు, ఒక క్యాన్సర్ లక్షణం, ఒక లేఆఫ్ వార్త. 12:50కి టైము చూసి "అయ్యో" అనుకుంటారు. అక్కడి నుంచి కూడికలు తీసివేతలు: ఇప్పుడు కళ్ళు మూసుకున్నా ఐదున్నర గంటలే, రేపు పదింటికి మీటింగు. ఇక కునుకెక్కడిది?

ఇందులో నష్టాలు వేరువేరు. గంటన్నర నిద్ర నేరుగా పోయింది, అది మొదటిది. వార్త తర్వాత వార్త చూసి మెదడు కాపలా డ్యూటీ ఎక్కింది, అది రెండోది. మంచమంటే మెలకువగా ఉండే చోటని ఒంటికి అలవాటు పడుతోంది, అది మూడోదీ, అన్నిటికన్నా మొండిదీ. వెలుతురు వీటన్నిటి తర్వాత. జనం డబ్బు తగలేసేది మాత్రం దాని మీదే.

తూనికరాయి:
వెలుతురు చిన్నదే, కానీ సున్నా కాదు. రెటీనాలో చూపుతో పెద్దగా పని లేని కణాలు కొన్ని ఉంటాయి. వాటిలోని మెలనాప్సిన్ అనే పదార్థం 480 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుతురుకు బాగా స్పందించి, మెదడులోని గడియారానికి ఇంకా పొద్దు ఉందని కబురు పంపుతుంది. నిద్రవేళ అయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ హార్మోను ఆలస్యమవుతుంది. ఇంతవరకు తిరుగులేదు.

మోతాదు దగ్గరే గొడవ. అందరూ చెప్పే బోస్టన్ అధ్యయనం 2015 నాటిది. 12 మంది, 5 రాత్రులు, రోజుకు 4 గంటల పాటు, మసక గదిలో ఐప్యాడ్‌ను పూర్తి వెలుగులో పెట్టి చదివారు. అంత చేసినా, కాగితం పుస్తకం చదివిన రాత్రులతో పోలిస్తే నిద్ర పట్టడం ఆలస్యమైంది దాదాపు 10 నిమిషాలు. 2021లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్ళు ఐఫోన్‌లో నైట్ షిఫ్ట్ (రాత్రి స్క్రీన్‌ను పసుపు రంగుకు తిప్పే సెట్టింగు) పెట్టుకున్నవాళ్ళను, పెట్టుకోనివాళ్ళను, అసలు ఫోనే ముట్టనివాళ్ళను పోల్చారు. మొత్తం మీద చూస్తే నిద్రలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి స్క్రీన్ పసుపు రంగుకు మార్చి అదే రీల్స్ చూడటం, చక్కెర మానేసి బెల్లం జిలేబీ తిన్నట్టు.

ఇంకో లెక్క. కంటి దగ్గర ఫోన్ వెలుతురు మహా అయితే కొన్ని పదుల లక్సులు (లక్స్ అంటే వెలుతురు కొలత). ఇంట్లో ట్యూబులైటు వంద నుంచి మూడొందలు. పొద్దున చెట్టు నీడలో నిలబడినా వేలల్లో ఉంటుంది. పగలంతా ఏసీ గదిలో కూర్చునేవాళ్ళకు రాత్రి వెలుతురు ఎక్కువ దెబ్బ తీస్తుంది. నిద్ర లేచిన గంటలోపు 20 నిమిషాలు ఆరుబయట ఉంటే ఆ దెబ్బ కొంత తగ్గొచ్చు. కళ్ళజోడు డబ్బులు మిగుల్చుకోండి.

ఓరుగల్లు_తమ్ముడు:
అన్నా, వెలుతురు సంగతి సమజైంది. మరి యాంగ్జైటీ సంగతేంది? ఫోన్ చూస్తే టెన్షన్ వస్తదా, టెన్షన్ ఉన్నోళ్ళే ఫోన్ పట్టుకుంటున్నరా? అందరు ఫోన్‌నే తిడుతున్రు గని, దీంట్ల ఏది ముందు ఏది ఎన్క ఎవ్వలు చెప్తలేరు.

నిద్రగన్నేరు:
మంచి ప్రశ్న తమ్ముడూ. రెండూ నిజమే. ఒకటి రెండోదాన్ని మోస్తుంది.

పగలంతా పనిలో పడి నెట్టేసిన ఆలోచనలకు ఖాళీ దొరికేది లైటు ఆర్పాకే. ఈఎంఐ, అమ్మ షుగరు, పిల్లల ఫీజు, మేనేజరు అన్న మాట, అన్నీ వరసకట్టి వస్తాయి. ఫోన్ తీయగానే అవి మూతపడతాయి. ఆ ఊరట నిజమైనదే, తక్షణం దొరికేదే. మెదడు దాన్ని నేర్చుకుంటుంది: దిగులు వస్తే బొటనవేలు కదిలించు. కానీ మూత కింద ఉడుకు తగ్గదు. ఒంటిగంటకు ఫోన్ పక్కన పెట్టగానే అవే ఆలోచనలు, ఇప్పుడు టైము పోయిందన్న అపరాధభావంతో కలిసి పైకొస్తాయి. మళ్ళీ ఫోన్.

ఆగలేకపోవడానికి ఇంకో కారణం, ఏది ఎప్పుడు బాగుంటుందో తెలియకపోవడం. మనస్తత్వవేత్త బి. ఎఫ్. స్కిన్నర్ పావురాలతో ఈ సంగతే చూపించాడు. ఎన్నోసారి పొడిస్తే గింజ పడుతుందో తెలియని పావురం ఆపకుండా పొడుస్తూనే ఉంటుంది. పది రీల్స్‌లో ఎనిమిది చెత్త అయినా తొమ్మిదోది నవ్విస్తుందేమో. పైగా పేజీ అడుగు అనేదే లేదు. 2006లో అంతులేని స్క్రోల్‌ను రూపొందించిన ఏజా రాస్కిన్ తర్వాత బహిరంగంగానే దానికి విచారం వ్యక్తం చేశాడు. పాత పత్రికకు చివరి పేజీ ఉండేది, దూరదర్శన్‌కు కార్యక్రమాల ముగింపు ఉండేది. ఇక్కడ "చాలు" అని చెప్పే చోటు మనమే కట్టుకోవాలి.

మూడో రకం మనుషులూ ఉన్నారు. వీళ్ళకు దిగులు కాదు, కసి. పగలంతా ఆఫీసుకు, ఇంటికి, పిల్లలకు పోయాక మిగిలిన ఆ గంట "నాది" అనిపిస్తుంది. చైనాలో దీనికి ప్రతీకారంగా మేలుకోవడం అనే అర్థంలో ఒక మాటే పుట్టింది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ యూనివర్సిటీ పరిశోధకులు 2014లో దీన్నే పడుకోవడాన్ని వాయిదా వేయడం అని విడిగా నిర్వచించారు: ఆపేవాళ్ళెవరూ లేకపోయినా అనుకున్న వేళకు పడుకోకపోవడం. వీళ్ళకు ఫోన్ తీసేస్తే సరిపోదు. సాయంత్రం ఓ అరగంట ఎవరూ కదపని సమయం దొరక్కపోతే, దొంగతనంగా అర్ధరాత్రి తీసుకుంటూనే ఉంటారు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ విషయంలో ఇది మరీ నిజం. "ఫోన్ తగ్గించు" అని చెప్పే ముందు అంట్లు ఎవరు తోముతున్నారో చూడండి.

తూనికరాయి:
ఒక జాగ్రత్త. నిద్ర తగ్గితే మెదడులో భయాన్ని చూసుకునే అమిగ్డాలా 60 శాతం ఎక్కువగా రెచ్చిపోతుందని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. ఆ లెక్క 2007 అధ్యయనంలోదే, కానీ అందులో మనుషుల్ని దాదాపు 35 గంటలు నిద్రపోకుండా కూర్చోబెట్టారు. అరగంట రీల్స్‌కు అదే అంకె అంటించకూడదు. నిద్ర చెడిన మర్నాడు ఆందోళన పెరగడం నిజం, అంకె మాత్రం అది కాదు. ఫోన్, ఆందోళనల మీద వచ్చిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఒకే సమయంలో రెండూ అడిగి పోల్చినవే, కాబట్టి ఏది కారణమో వాటి నుంచి తేలదు. ఇంకోటి, "ఫోన్ అడిక్షన్" అనే జబ్బు ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో లేదు. ఉన్నది గేమింగ్ డిజార్డర్. ఇంట్లో అందరినీ అడిక్టులని పిలవడం మానుకుందాం.

తీగలబండి:
సెట్టింగుల సంగతి నాకు వదిలేయండి. ముందే చెబుతున్నా, సెట్టింగు ఏదీ తాళం కాదు, గడప మాత్రమే. కాలికి తగిలి ఒక్క క్షణం ఆగితే దాని పని అయిపోయినట్టే.

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, డిజిటల్ వెల్‌బీయింగ్, బెడ్‌టైమ్ మోడ్. అందులో గ్రేస్కేల్ ఆన్ చేయండి, స్క్రీన్ మొత్తం నలుపు తెలుపు అవుతుంది. రంగు లేని రీల్స్ చప్పిడి కూరలాంటివి, చేయి దానంతటదే తగ్గుతుంది. శామ్‌సంగ్‌లో ఇది మోడ్స్ అండ్ రొటీన్స్ కింద స్లీప్ అని ఉంటుంది. చాలామంది చేసే తప్పు, సరిగ్గా పడుకునే వేళకు పెట్టడం. అప్పటికే మునిగి ఉంటారు, మధ్యలో రంగు పోగానే చిరాకుపడి ఆపేస్తారు. 45 నిమిషాల ముందుకు పెట్టండి, ఇంకా అన్నం గిన్నెలు సర్దుతున్న వేళకు.

ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్, డౌన్‌టైమ్. అక్కడ బ్లాక్ ఎట్ డౌన్‌టైమ్ ఆన్ చేయకపోతే "ఇగ్నోర్ లిమిట్" అని నొక్కి హాయిగా లోపలికి పోవచ్చు. పాస్‌కోడ్ ఇంట్లో ఇంకొకరు పెట్టాలి. మీరే పెట్టుకుంటే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే.

యూట్యూబ్‌లో ఆటోప్లే మీట ఆపండి. వాచ్ హిస్టరీ మొత్తం తుడిచేసి ఆపేస్తే హోం పేజీలో సిఫార్సులు రావు, వెతికింది మాత్రమే దొరుకుతుంది. ఇది నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద దెబ్బ. ఇన్‌స్టా లాంటివి యాప్ తీసేసి బ్రౌజర్‌లో చూసుకోండి, చూడగానే లాగౌట్ అవ్వండి. ప్రతిసారీ పాస్‌వర్డు కొట్టాలంటే అర్ధరాత్రి సగం మంది మానేస్తారు.

ఫోన్ దూరంగా పెట్టాలంటే భయం ఒకటే: అర్జంటు ఫోన్ వస్తేనో? డూ నాట్ డిస్టర్బ్‌లో స్టార్ పెట్టిన నంబర్లకు అనుమతి ఇవ్వండి. మళ్ళీ మళ్ళీ చేసేవాళ్ళ కాల్ అనుమతించే మీట కూడా ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో అదే నంబరు 15 నిమిషాల్లో రెండోసారి చేస్తే మోగుతుంది, ఐఫోన్‌లో 3 నిమిషాల్లో. వాట్సాప్ కాల్స్ అన్ని ఫోన్లలో ఈ లెక్కలోకి రావు. పక్కింటి ఫోన్‌తో ఒకసారి కొట్టించి చూసుకోండి, నమ్మకం కుదిరితేనే నిద్ర పడుతుంది.

ఓరుగల్లు_తమ్ముడు:
గివన్ని పెట్టినా రెండు రోజుల్ల మనమే తీసేస్తం గద అన్నా. వేలు గడప దాటుడు ఎంతసేపు?

తీగలబండి:
నిజమే. అందుకే అసలు మందు సెట్టింగు కాదు, చార్జరు. చార్జరు పడగ్గదిలోంచి తీసి వంటింట్లో మిక్సీ పక్క ప్లగ్గుకు పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా పడగ్గదిలో ఉండకూడదు, లేకపోతే మూడో రోజుకు వైరు పాకుకుంటూ దిండు దగ్గరికి వస్తుంది. రెండు మూడొందలకు బల్ల మీద పెట్టుకునే అలారం గడియారం దొరుకుతుంది. టిక్కుటిక్కు లేనిది అడిగి తీసుకోండి, ముఖం గోడవైపు తిప్పి పెట్టండి. "అలారం కోసం ఫోన్" అన్న సాకు అక్కడితో పోతుంది, 11:20 కథ మొదలయ్యేదే అక్కడ.

ఒకే గది ఇల్లయితే బీరువాలో పెట్టి తలుపు వేయండి. లేచి, లైటు వేసి, బీరువా కిర్రుమంటే ఇంట్లోవాళ్ళు లేస్తారు. సిగ్గు కూడా పనికొస్తుంది.

నిద్రగన్నేరు:
ఫోన్ బయటికి పోయింది. ఇప్పుడు మంచం సంగతి. ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

నెలల తరబడి మంచం మీద రోజూ గంటన్నర మేలుకున్న మనిషికి, ఫోన్ లేకపోయినా, దిండు తగలగానే మెలకువ వస్తుంది. సోఫాలో టీవీ ముందు జోగి, మంచం ఎక్కగానే కళ్ళు తెరుచుకున్నాయంటే ఇదే. దీనికి విరుగుడును మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్జిన్ 1972లో రాశాడు, ఇప్పటికీ నిద్రలేమి చికిత్సకు వెన్నెముక అదే. నిద్ర కళ్ళమీదికి వచ్చాకే మంచం ఎక్కాలి. అలసట వేరు, నిద్ర వేరు: తల వాలిపోవడం, చదివిన వాక్యమే మళ్ళీ చదవడం, అదీ నిద్ర. పడుకుని సుమారు 20 నిమిషాలైందనిపిస్తే లేచిపోవాలి. గడియారం చూసి కాదు, అంచనాగా. హాల్లో మసక దీపం కింద కూర్చుని, మనసు పెట్టనక్కర్లేని పని ఏదైనా. బట్టలు మడతపెట్టడం, చింతపండులో గింజలు తీయడం, పాత పత్రిక. మళ్ళీ తల వాలితే మంచానికి. అవసరమైతే రాత్రికి నాలుగుసార్లు. ఎన్నింటికి పడుకున్నా పొద్దున లేచే వేళ మారకూడదు.

ఎక్కడ చెడుతుందంటే, మొదటి నాలుగైదు రోజులు నిద్ర ఇంకా తగ్గుతుంది. "ఇది నాకు పడదు" అని అక్కడే మానేస్తారు. నిజానికి అదే పని చేస్తున్న గుర్తు. మెలకువగా ఉన్న ప్రతి గంటా మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుని నిద్ర బరువు పెంచుతుంది. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నట్టు, ఆ బరువు పెరిగితే చాప మీదైనా పడుతుంది. ఆదివారం పదింటిదాకా పడుకుంటే, లేదా మధ్యాహ్నం గంటన్నర కునుకు తీస్తే, వారమంతా కూడబెట్టింది ఒక్క పూటలో ఖర్చు. కునుకు తప్పదంటే మధ్యాహ్నం మూడింటిలోపే, 20 నిమిషాలు.

రెండో భాగం కొంచెం ఘాటు. ఒక వారం కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకు 11కి మంచమెక్కి, 1:15కి నిద్రపట్టి, మధ్యలో అరగంట మేలుకుని, 7కి లేచారు. మంచం మీద 480 నిమిషాలు, నిద్ర 315. అంటే 66 శాతం. 85 దాటాలి. దానికి మంచం మీది సమయాన్ని అసలు నిద్రకు దగ్గరగా కుదిస్తారు, అయిదున్నర గంటలకు తగ్గకుండా. 6:30కి లేవాలంటే ఒంటిగంటకే మంచం ఎక్కడం. వారం సగటు 85 దాటితే మంచమెక్కే వేళ 15 నిమిషాలు ముందుకు. ఇది డాక్టరు లేదా సైకాలజిస్టు చూస్తుండగా చేయడం మంచిది. మూర్ఛ ఉన్నవాళ్ళు, బైపోలార్ ఉన్నవాళ్ళు, రాత్రిపూట లారీ, క్యాబ్ నడిపేవాళ్ళు సొంతంగా అసలు చేయకూడదు.

మాత్రలపెట్టె:
మందుల వైపు నుంచి నాలుగు ముక్కలు. కాఫీలో కెఫీన్ సగం దిగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నా గంటకు పైగా నిద్ర పోయిందని 2013 అధ్యయనం ఒకటి చెప్పింది. ఇంట్లో కాఫీ ఒక కప్పుకు అంత ఉండదు, నిజమే. కానీ సాయంత్రం రెండు ఇరానీ చాయ్‌లు, ఎనిమిదింటికి ఆఫీసు కాఫీ కలిపి చూసుకోండి. మధ్యాహ్నం రెండింటి తర్వాత మానేయడం మంచిది. కెఫీన్ తెచ్చే గుండె దడను చాలామంది ఆందోళన అనుకుని దాని గురించి అర్ధరాత్రి గూగుల్ చేస్తారు, అదో చక్రం.

మెలటోనిన్ నిద్రమాత్ర కాదు, గడియారం ముల్లు జరిపేది. వేళ తప్పి వేసుకుంటే, అంటే పడుకునేటప్పుడు ఫోన్ చూస్తూ మింగితే, పెద్దగా ఏమీ జరగదు. ఎక్కువ మోతాదు అంటే ఎక్కువ నిద్ర అని కూడా కాదు. అల్ప్రాజోలమ్ మాత్రం పక్కింటివాళ్ళ దగ్గర అడిగి వేసుకునే వస్తువు కాదు. షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. కొన్ని వారాలకే అలవాటు పడుతుంది, టక్కున ఆపితే ఆందోళన రెట్టింపై తిరగబడుతుంది. వాడుతున్నవాళ్ళు ఈ చర్చ చదివి ఆపేయకండి, రాసిన డాక్టరే మెల్లగా తగ్గించాలి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే దీర్ఘకాల నిద్రలేమికి మొదటి చికిత్స మాత్ర కాదు, పైన నిద్రగన్నేరు రాసిన పద్ధతులు భాగంగా ఉండే సీబీటీ-ఐ అనే మాటల చికిత్స అని తేల్చింది.

డాలస్_దోసె:
ఇటువైపు నుంచి ఒక మాట. ఇండియాలో అమ్మానాన్నల నిద్ర చెడటానికి మేమూ కారణమే. మా మధ్యాహ్నం ఖాళీలో, వాళ్ళ రాత్రి పదకొండింటికి వీడియో కాల్. కాల్ అయ్యాక వాళ్ళు పడుకోరు, మనవడి ఫోటోలు చూస్తూ అక్కడి నుంచి ఫేస్‌బుక్‌లోకి. కాల్ వాళ్ళ పొద్దుటికి మార్చండి. ఇండియాలో 7:30 అంటే న్యూయార్క్, అట్లాంటాల్లో వేసవిలో ముందురోజు రాత్రి 10, చలికాలంలో 9. డాలస్‌లో ఇంకో గంట తక్కువ, కాలిఫోర్నియాలో 7 లేదా 6. మార్చిలో, నవంబరులో ఇక్కడ గడియారం మారినప్పుడు ఈ ఏర్పాటు చెదురుతుంది. అమ్మకు ముందే చెప్పకపోతే ఫోన్ పట్టుకుని ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

మూడోషిఫ్టు:
పైన చెప్పినవన్నీ రాత్రి పడుకునేవాళ్ళకు. గచ్చిబౌలి, హైటెక్ సిటీల్లో తెల్లారగట్ల మూడున్నరకు లాగౌట్ అయ్యి, నాలుగున్నరకు ఇల్లు చేరే వాళ్ళ సంగతో? ఇల్లు చేరగానే నిద్ర రాదు, డ్యూటీ వేడి దిగదు. ఆ గంట రీల్స్‌తో ఐదున్నరవుతుంది, బయట తెల్లారుతుంది, మెదడు గడియారం లేచి కూర్చుంటుంది. కాబట్టి క్యాబ్‌లోనే ఫోన్ పని ముగించాలి. చూడాల్సిందంతా ఆ గంటలో చూసేసి ఇంటి గేటు దగ్గర ఆపాలి. ఇంట్లోకి వెళ్ళాక స్నానం, తేలిగ్గా పెరుగన్నం, తెల్లారకముందే మంచం. కిటికీకి నల్ల పరదా, లేకపోతే అల్యూమినియం ఫాయిల్ అంటించినా చాలు. పొద్దెక్కాక ఇల్లు చేరేవాళ్ళు దారిలో చలువ కళ్ళజోడు పెట్టుకోవాలి. వారాంతం మొత్తం పగటి మనిషిగా మారితే సోమవారం మళ్ళీ జెట్‌లాగే. సెలవు రోజుల్లో కూడా మూడింటికి పడుకుని పదకొండింటికి లేస్తే నష్టం తగ్గుతుంది.

వెన్నెలకుప్ప:
పిల్లల సంగతి కూడా చెప్పండి అన్నయ్యా. ఇంటర్ పిల్లలు ఫోన్‌లోనే క్లాసులు వింటున్నారు, ఫోన్ లాక్కుంటే చదువు పోయిందంటారు. పసిపిల్లల తల్లులు పాలిచ్చేటప్పుడు ఫోనే దిక్కు అంటారు. ఈ రెండు చోట్లా "బయట పెట్టండి" అంటే కుదరదు.

నిద్రగన్నేరు:
కుదరదమ్మా, నిజమే.

ఇంటర్ వయసులో మెలటోనిన్ పెద్దవాళ్ళకన్నా ఆలస్యంగా మొదలవుతుంది. పదింటికి నిద్ర రాకపోవడం పొగరు కాదు. కానీ వాళ్ళకు 8 నుంచి 10 గంటలు కావాలి, కాలేజీ బస్సు మాత్రం ఆరున్నరకే వస్తుంది. చిక్కంతా అక్కడే. ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్ నోట్సు సాయంత్రమే ప్రింటు తీయించండి. వీడియో క్లాసులు తొమ్మిదిన్నరకు ముగించి, ఆఖరి గంట కాగితం మీద లెక్కలు. ఫోన్ లాక్కోవడం పనిచేయదు, ఇంట్లో అందరి ఫోన్లూ ఒకే బుట్టలో పడితే పనిచేస్తుంది. నాన్న ఫోన్ బుట్టలో లేకపోతే ఆ బుట్ట వారం కూడా నిలవదు.

బాలింతల విషయంలో నియమాలు సడలించాలి. రెండింటికి పాలిస్తూ నిద్రపోకుండా ఉండటం బిడ్డ భద్రతకు అవసరం, ఫోన్ అందుకు ఉపయోగపడితే తప్పేమీ లేదు. చూసేది కాకుండా వినేది పెట్టుకోండి, ఒక చెవిలో ఇయర్‌ఫోన్, స్క్రీన్ బోర్లా. బిడ్డ పడుకోగానే మీరూ పడుకోవాలి, "ఈ ఒక్క ఎపిసోడ్" అనకుండా.

ఓరుగల్లు_తమ్ముడు:
అన్నా, ఫోన్ బయట వెట్టినం, మంచం సంగతి చూసినం. గని ఆ ఆలోచనలు? అవి ఏ బీరువల వెట్టాలె?

నిద్రగన్నేరు:
సాయంత్రంలో పెట్టాలి. ఆరున్నర, ఏడు మధ్య పదిహేను నిమిషాలు, మంచం కాని చోట, నోటుబుక్కుతో. దిగులు అంతా రాసి, పక్కన వేసే మొదటి అడుగు రాయాలి. "లోన్ సంగతి" అని రాస్తే లాభం లేదు. "రేపు 11కి బ్యాంకుకు ఫోన్ చేసి, ఇప్పుడు మొత్తం కట్టేస్తే ఎంతో అడగాలి" అని రాయాలి. చేయగలిగింది ఏమీ లేనివాటి పక్కన సున్నా చుట్టండి. రాత్రి అదే ఆలోచన వస్తే "పుస్తకంలో ఉంది, రేపు ఆరున్నరకు" అనుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. మొదట్లో నవ్వొస్తుంది. రెండు వారాలు కాగితం నిండాక నవ్వు రాదు.

తూనికరాయి:
దీనికి కొంత ఆధారం ఉంది. బేలర్ యూనివర్సిటీలో 2018లో 57 మంది మీద చూశారు. పడుకునే ముందు 5 నిమిషాలు రేపు చేయాల్సిన పనులు రాసినవాళ్ళు, ఆరోజు చేసిన పనులు రాసినవాళ్ళకన్నా దాదాపు 9 నిమిషాలు ముందు నిద్రపోయారు. జాబితా ఎంత వివరంగా ఉంటే అంత త్వరగా. చిన్న అధ్యయనమే, కానీ కాగితం, పెన్ను ఖర్చు తప్ప పోయేదేమీ లేదు. ఫోన్ నోట్స్ యాప్‌లో మాత్రం రాయకండి మహాప్రభో.

మంచం మీద మనసు పరుగెత్తితే ఇంకో పద్ధతి ఉంది. ఆధారం పలచనే, కానీ హాని లేదు. ఒక అక్షరం పట్టుకోండి, క అనుకోండి. కవ్వం, కలువ, కంచం, కాకరకాయ, కొడవలి, ఒక్కోదాన్ని కళ్ళముందు బొమ్మ కట్టి వదిలేయాలి. ఒకదానికొకటి సంబంధం ఉండకూడదు, కథ అల్లకూడదు. వాదించుకునే మెదడుకు అక్కడ పట్టు దొరకదు.

వెన్నెలకుప్ప:
తెల్లారగట్ల మూడింటికి మెలకువ వచ్చేవాళ్ళకు కూడా ఇదేనా?

తూనికరాయి:
ఇదే. మూడింటికి మెలకువ రావడం సహజం, రాత్రికి నాలుగైదు నిద్ర చుట్లు ఉంటాయి, చుట్టు చుట్టుకూ తేలిక మెలకువ వస్తుంది. చాలావాటిని మర్చిపోతాం. టైము చూశామా, గుర్తుండిపోతుంది, లెక్క మొదలవుతుంది. అందుకే తీగలబండి గడియారం గోడకు తిప్పమన్నది.

మాత్రలపెట్టె:
డాక్టరు దగ్గరికి ఎప్పుడు అన్నది ఎవరూ రాయలేదు. వారానికి మూడు రాత్రులు, మూడు నెలలు దాటితే అది నిద్రలేమి జబ్బు కిందే లెక్క. ఆందోళన ఎంతుందో కొలవడానికి జీఏడీ-7 అని ఏడు ప్రశ్నల పట్టీ ఉంది, 21కి 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే చూపించుకోవాలి. గురక పెట్టి ఊపిరి ఆగుతోందని పక్కవాళ్ళు చెబితే, పడుకోగానే కాళ్ళు లాగి కదపకుండా ఉండలేకపోతే, చేతులు వణికి బరువు తగ్గుతుంటే, దోషం ఫోన్‌ది కాకపోవచ్చు. ఇంకోటి ముఖ్యం: మూడు గంటలే పడుకున్నా అలసట లేకుండా ఉరకలు వేస్తూ, మాటలు ఎక్కువై, ఖర్చులు ఎక్కువైతే అది నిద్రలేమి కాదు, వెంటనే సైకియాట్రిస్టు చూడాలి.

ఖర్చుకు వెనకాడేవాళ్ళకు టెలీ మానస్ 14416 ఉంది. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఫోన్, గేమ్స్ అతివాడకం కోసమే 2014 నుంచి విడిగా షట్ క్లినిక్ నడుస్తోంది. చచ్చిపోవాలనిపించే ఆలోచనలు వస్తుంటే మాత్రం ఈ రాత్రి నియమాలేవీ లెక్క చేయొద్దు. ఫోన్ తీసి ఆ నంబరుకు కొట్టండి.

ఓరుగల్లు_తమ్ముడు:
ఆఖరుకు ఒక్కటి. ఇయ్యాల రాత్రి ఒక్కటే పని చెయ్యాలంటే ఏది?

తీగలబండి:
చార్జరు వంటింట్లోకి.

నిద్రగన్నేరు:
అదే. రేపు పొద్దున లేచే వేళ కూడా ఇప్పుడే కాగితం మీద రాసి గోడకు అంటించు. మిగతావి వచ్చే వారం చూద్దాం. ఇప్పుడు టైము 10:40 అయింది తమ్ముడూ, నువ్వింకా ఆన్‌లైన్‌లోనే కనిపిస్తున్నావు.